పెద్దసారు ఇంట్లో ఇంగ్లీషు

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తమిళనాడులో మా ధర్మపురి పక్కనే ఏదో బళ్ళో ఇంగ్లీషు టీచరు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అడిగింది. "మేడమ్, టెన్సులు ఎట్లా చెప్పాల? ఖాళీలు పూరించమని ఇస్తే పిల్లలు నిద్రపోతా ఉండారు."

ఇన్నేళ్ళు అదే పని చేసి రిటైరయినా నాకు జవాబు తెలియదు. తెలిసింది ఒక ఇల్లు, ఆ ఇంటి ముందర వసారా, అక్కడ గడిచిన కొన్ని మధ్యాహ్నాలు. వాటిని గురించి చెప్పినాను. ఆ పిల్ల పోయినాక, ఇట్లా అడిగేవాళ్ళు ఇంకా ఎక్కడెక్కడో ఉంటారు గదా అనిపించి రాయను కూర్చున్నాను. మేము ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడేవాళ్ళం. ఈ తెలుగు అక్షరాలు నాకు బళ్ళో నేర్పినవి కావు, మా నాయన ఇంట్లో దిద్దించినవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా బళ్ళో నాకంటే పెద్దాయన ఒక ఇంగ్లీషు సారు ఉండేవారు. అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయనదీ తెలుగిల్లే. సొంత ఊరు ధర్మపురి దగ్గరుండే ఇండూరు. స్టాఫ్ రూములో అందరిముందూ తమిళంలో మాట్లాడి, టీ గ్లాసు అందిస్తా మాత్రం మెల్లగా, "చక్కెర చాలునా మ్మా?" అని తెలుగులో అడిగేవారు. ఆ ఒక్క మాటకే నాకు పుట్టింటికి పోయినట్టుండేది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి మటుకు నాకు పడేది కాదు. బోర్డు మీద పది వాక్యాలు, వాక్యానికొక ఖాళీ. ఖాళీ పక్కన ఒక క్రియ. పిల్లలు దాన్ని సరైన కాలంలోకి మార్చి నింపాల. దానికి ముందు తరగతంతా కలిసి పాడాల. ఆయన "గో" అంటే పిల్లలు "వెంట్, గాన్" అనాల. "కమ్" అంటే "కేమ్, కమ్". పొద్దున ఎండ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు ఆ గొంతులన్నీ వరండా దాటి, వేపచెట్ల మీదుగా మైదానంలోకి పోయేవి. దూరం నుంచి వింటే అది ఇంగ్లీషని కూడా తెలిసేది కాదు. ఏదో ఊరి బావి దగ్గర గిలక తిరుగుతున్నట్టు ఉండేది.

నేనేమో ట్రైనింగులకు పోయి వచ్చినదాన్ని. ఆటలు ఆడించి, బొమ్మలు చూపించి, పిల్లల చేత మాట్లాడించాల అనేదాన్ని. "సార్, ఇట్లా వల్లె వేయిస్తే మాట్లాడేది ఎప్పుడు నేర్చుకుంటారు?" అని ఒకసారి అడిగినాను.

ఆయన నవ్వినారు. "నువ్వు తలుపులు తీస్తా ఉండావు మ్మా. నేను గోడ కడతా ఉండాను. ఇంటికి రెండూ కావాల గదా" అన్నారు. నాకు ఒప్పుకోను బుద్ధి కాలేదు. కానీ అంత మెత్తగా చెప్పిన మనిషితో ఏం కొట్లాడేది?

అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గర పడతా ఉన్న రోజుల్లో ఒక సోమవారం ఆయన బడికి రాలేదు. ఆయన సెలవు పెట్టకుండా రాకపోవడం మేమెవరమూ చూడలేదు. ప్రార్థన అయినాక హెచ్ఎమ్ మేడమ్ నన్ను పిలిచి చెప్పింది. స్నానానికి పోయిన మనిషి బాత్రూములోనే కూలబడినాడంట. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయినాయి. మాట పడిపోయింది.

పెద్దాస్పత్రిలో చూసినప్పుడు ఆయన కళ్ళు నన్ను గుర్తు పట్టినాయి. నోరు తెరిచినారు. "త... త..." అనే శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఆయన భార్య పక్కన నిలబడుకొని ఉంది. నేనామెను అక్కా అనేదాన్ని. ఐదో తరగతి వరకు తమిళంలో చదివిన మనిషి. పూలు కట్టడంలో ఆమె చెయ్యి చూడాల, కనకాంబరాలు తమంతట తామే వచ్చి దారంలో కూర్చున్నట్టుండేది. పిల్లలు లేరు. ఆ ఇద్దరే. ఆ రోజు ఆమె ఏడవలేదు. "అన్నీ అర్థమవుతా ఉండాయి చెల్లీ ఆయనకు. లోపలుండాడు. బయటికి రాను దోవ కనపడలా" అనింది.

ఇంటికి తెచ్చినాక ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి కొన్ని మార్గాలు చెప్పింది. ఆయనకు బాగా అలవాటైన మాటలు, తలచుకోకుండానే నోటికి వచ్చేవి, అవి మొదలుపెట్టండి అనింది. అక్క అంకెలు చెప్పి చూసింది. వారాల పేర్లు చెప్పింది. చిన్నప్పుడు ఆయన అమ్మ పాడిన జోలపాట పాడింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినాయి గానీ నోరు మటుకు "త... త..." దాటలేదు.

వాళ్ళ ఇల్లు ఊరి చివర. వసారాలో కూర్చుంటే ఎదురుగా చామంతి తోట, దాని వెనకాల ఎండలో పొగలాగా కనిపించే కొండలు. ఆయన క్లాసు కూడా నేనే చూసుకుంటా ఉన్నాను కాబట్టి బడి అయినాక ఆ పిల్లల పేపర్లు పట్టుకొని అక్కడికి పోయి, వసారాలో చాప మీద కూర్చొని దిద్దేదాన్ని. అక్కకు తోడుగా ఉన్నట్టూ ఉంటుంది, నా పనీ అవుతుంది. ఆయన మంచం మీద ఆనుకొని తోటవైపు చూస్తా ఉండేవారు. మాట లేని ఇంట్లో మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంటుంది. తేనెటీగలు ఎక్కడో గుంయిమంటా ఉంటే, కన్ను మూసినామో తెరిచినామో తెలియకుండా పొద్దు పోయేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఒక పిల్లోడి పేపరు చూసి నాకు నవ్వాగలేదు. నిన్న మా మామ నల్లంపల్లికి పోయినాడు అనే వాక్యం అది. గో అనే మాటకు వాడు చక్కగా వెనకాల ఈ, డీ తగిలించి పెట్టినాడు. అక్క వినేటట్టు పైకి చదివినాను. "ఎస్టర్డే మై అంకుల్ గోఎడ్ టు నల్లంపల్లి."

"వెంట్."

నేను తల ఎత్తినాను. తోటలో ఎవరైనా ఉన్నారేమో అని చూసినాను. అక్క పిండి అంటిన చేతుల్తో వంటింట్లోనుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవరు మాట్లాడింది?"

నేను మంచంవైపు తిరిగినాను. "సార్" అన్నాను. "గో."

ఆయన మూతి ఒక పక్కకు లాగింది. "వెంట్. గాన్."

"కమ్."

"కేమ్. కమ్."

"ఈట్."

"ఏట్. ఈటెన్."

ఆయన తన గొంతును తానే విని భయపడినట్టు చూసినారు. తరవాత నవ్వినారు. సగం మొహమే నవ్వింది, ఆ సగం చాలు అనిపించింది. అక్క గబగబా మంచం దగ్గరికి వచ్చి ఆయన మొహం చేతుల్లోకి తీసుకుంది. పిండి ఆయన చెంపలకంతా అంటింది. "ఏమండీ, నన్ను చూడండి. నా పేరు చెప్పండి. నా పేరేమి?"

ఆయన చాలా సేపు ఆమెను చూసినారు. పెదాలు కదిలినాయి. "త... త... త..."

అక్క చేతులు వదిలేసి తోటవైపు తిరిగింది. నేను పేపర్లు సర్దుకుంటా ఉన్నట్టు నటించినాను. పెళ్ళయిన్నాటి నుంచీ పిలిచిన పేరు రాలేదు, బోర్డు మీది క్రియలు వచ్చినాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ అర్థమైంది. కాసేపటికి ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకొని నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఆయన ఆ ఇంగ్లీషులో ఉండాడు చెల్లీ. ఇక్కడికి రాలేకుండా ఉండాడు. నేనే ఆడికి పోతాను. నేర్పించు."

అట్లా మొదలైంది. నేను నా జీవితంలో చాలామందికి ఇంగ్లీషు నేర్పినాను. మార్కుల కోసం, ఉద్యోగం కోసం, గొప్ప కోసం నేర్చుకున్నవాళ్ళున్నారు. మొగుడితో మాట్లాడను నేర్చుకున్నది ఆ అక్క ఒక్కతే.

మొదటి కష్టం 'యూ' దగ్గరే వచ్చింది. ఆ మాట ఆయన్ను చూసి అనను ఆమెకు నోరు రాలేదు.

"ఎట్లా చెల్లీ, మొగుణ్ణి పట్టుకొని నువ్వు అనేది?"

"మీరు అన్నా యూనే అక్కా."

"నువ్వు అన్నా?"

"అదీ యూనే."

"అయితే ఆ దేశంలో మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుంటే ఎట్లా తెలుస్తాది?"

మంచం మీదనుంచి గురగురమని ఒక శబ్దం వచ్చింది. పెద్దసారు నవ్వుతా ఉన్నారు.

రెండో కష్టం ఇంకా పెద్దది. అది నేను అప్పటివరకు ఆలోచించని సంగతి. "రోజూ బడికి పోతాడు. రేపు బడికి పోతాడు. రెండూ పోతాడే గదా, వాళ్ళకు దానికి వేరే వేరే మాటలెందుకు?" అని అడిగింది. నిజమే. మన తెలుగులో రోజూ జరిగేదానికీ రేపు జరగబోయేదానికీ ఒకటే మాట. రోజూ చేసే మనిషి రేపూ చేస్తాడులే అనే నమ్మకం మన భాషలో ఉందేమో. ఇన్నేళ్ళు పిల్లలు అక్కడ తప్పు చేస్తే ఎర్రసిరాతో కొట్టేసినాను గానీ, ఆ తప్పు ఎక్కడినుంచి వస్తా ఉందో వెతకలేదు.

నేను ఆటలు, బొమ్మలు అన్నీ పక్కన పెట్టి పెద్దసారు పద్ధతిలోనే చెప్పినాను. వాక్యం, ఖాళీ, క్రియ. ఎందుకంటే ఆమె ఖాళీ దగ్గర ఆగితే చాలు, ఆయన నింపేవారు. తప్పు నింపితే ఆయనకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనుంచి మాట వచ్చేది. ఒక రోజు అక్క వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడుకొని వాక్యం పేర్చుకుంటా ఉంది. "ది మిల్క్... ఈజ్... బాయిలింగ్..."

మంచం మీదనుంచి వంటిల్లు కనిపిస్తుంది. "బాయిల్డ్!" అని అరిచినారు ఆయన. "బాయిల్డ్! బాయిల్డ్!"

నేను వ్యాకరణం గురించి ఆలోచిస్తా ఉన్నాను. పాలు అప్పటికే పొంగి పొయ్యంతా పారినాయి.

ఇంకో రోజు ఆమె కాఫీ తెచ్చి, "యూ వాంట్ కాఫీ?" అనింది. ఆయన మొహం తిప్పుకొని "వాంటెడ్" అన్నారు. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎప్పుడో కావాల అనిపించింది, అప్పుడు తేలేదు, ఇప్పుడు తెచ్చినావు. "అబ్బో, కోపం!" అని ఆమె ఆ గ్లాసు తానే తాగేసింది. మాట పడిపోయినాక వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం అదే మొదలు. పక్కనే చాప మీద కూర్చొని నేను సంతోషపడినాను.

ఇండూరు నుంచి ఆయన అన్న వచ్చి ఇదంతా చూసి తల పట్టుకున్నాడు. "వీడికే ఏదో అయిందనుకుంటే నీకూ అయిందే అమ్మా! మనింటి మాట వదిలేసి ఈ ఇంగ్లీషేంది? ఊరికి తీసుకొని పోతాను వీణ్ణి. చేనిగట్టున కూర్చొని ఉంటాడు."

"ఆయన నోట పలికేది అదొక్కటే బావా" అనింది అక్క. "అది ఏ దేశం మాటయినా నేర్చుకొని ఉందును. ఆయన్ను యాడికీ పంపను."

ఆయన గొంతు రోజురోజుకూ కొంచెం కొంచెం తెరుచుకుంది. క్రియల పక్కన ఐ, యూ వచ్చి చేరినాయి. చేతికర్రతో వసారా చివరిదాకా నడిచేవారు. నాకు ఆశ పెరిగింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో అందరికంటే నాకే ఆశ ఎక్కువ. ఆయన మళ్ళీ క్లాసులో నిలబడతారు, పొద్దున వేపచెట్ల మీదుగా ఆ పాట మళ్ళీ పోతుంది అని కలగంటా ఉండేదాన్ని. ఆయన సెలవు అయిపోవస్తా ఉంది. రిటైర్మెంటుకు ఇంకా సర్వీసు మిగిలి ఉంది. తిరిగి చేరతారా లేదా అనేది తేల్చాలని హెచ్ఎమ్ మేడమ్ అడిగింది. నేనే ముందుకు పోయి, "ఒక రోజు పిలిపించి చూద్దాం మేడమ్. పదో తరగతికి ఒక పీరియడు. మీరే చూడండి" అన్నాను.

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆటోలో దిగినారు. అక్క పక్కనే ఉంది, తల్లో కనకాంబరాలు పెట్టుకొని. మబ్బుగా ఉండి ఎండ పలచగా పడతా ఉంది. పిల్లలు లేచి నిలబడినారు. అక్క చివరి బెంచీలో ఆడపిల్లల పక్కన సర్దుకొని కూర్చుంది. నేను గోడ దగ్గర నిలబడినాను.

ఆయన ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకొని, "బ్రింగ్" అన్నారు.

"బ్రాట్, బ్రాట్" అన్నారు పిల్లలు.

"సింగ్."

"శాంగ్, సంగ్."

తరగతి మొత్తం ఊయల ఊగినట్టు ఊగింది. ఏదీ మారలేదు అనిపించింది. కిటికీలోనుంచి చూస్తా ఉన్న హెచ్ఎమ్ మేడమ్ నాకు తల ఊపి చూపించింది.

అప్పుడు ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. తెలివైన పిల్ల. తమిళంలో అడిగింది. "సార్, ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్డే అని రాస్తే తప్పు అన్నారు. ఎందుకు తప్పు సార్?"

"ఎస్టర్డే... సా" అన్నారు ఆయన. సరైన జవాబే.

"ఔను సార్. కానీ ఎందుకు?"

ఆయన నోరు తెరిచినారు. ఆ ఎందుకుకు ఆయన దగ్గర ఎన్నో జవాబులుండేవి. తమిళంలో, తెలుగులో, చెయ్యి తిప్పి, కథ చెప్పి. ఇప్పుడు "త... త..." వచ్చింది. ఆగినారు. మళ్ళీ ప్రయత్నించినారు. "త..." పిల్లలు ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది అనిపించింది. చివరి బెంచీలో అక్క రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని కదలకుండా ఉంది.

ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టినారు. తరవాత నావైపు తిరిగి సుద్దముక్క నాకు అందించినారు.

నేను చెప్పినాను. ఏం చెప్పినానో నాకే సరిగ్గా తెలియదు. "నిన్న అనేది అయిపోయింది. ఆ తలుపు మూసేసినాము. హావ్ వేస్తే తలుపు ఇంకా తెరిచే ఉంది, ఇప్పటికీ దాంతో మనకు పని ఉంది అని అర్థం. అందుకే నిన్నతో హావ్ కుదరదు." ఆ పిల్ల సరేనని కూర్చుంది. పెద్దసారు మెచ్చుకోలుగా తల ఊపినారు. ఆయన నా పాఠాన్ని మెచ్చుకోవడం నాకు అదే మొదటిసారి.

హెచ్ఎమ్ మేడమ్ రూములో నలుగురం కూర్చున్నాం. ఆమె లెక్కల టీచరు, మంచి మనిషి. "చాలా బాగుంది సార్. వివరించాల్సింది ఈమె చూసుకుంటుంది, చిన్న క్లాసులు మీకు ఇస్తాం. జూన్ నుంచి వస్తారా?" అని తమిళంలో అడిగింది.

ఆయన నిదానంగా, ఒక్కో మాటా పెట్టి చూసుకుంటా పలికినారు. "ఐ... టాట్."

మేడమ్ ఆదరంగా నవ్వి, "ఐ విల్ టీచ్ అనాల సార్" అని దిద్దింది.

ఆయన తల అడ్డంగా ఊపినారు. "టాట్."

మేడమ్ నావైపు జాలిగా చూసింది. పాపం, ఇంకా తప్పులు వస్తా ఉన్నాయి గదా అన్నట్టు. మాట్లాడింది అక్క. తమిళంలోనే, మెల్లగా. "తప్పు కాదమ్మా. అది జరిగిపోయినదానికి చెప్పే మాట. ఆయన తెలిసే చెప్పినారు."

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు నేను ఆగలేకపోయినాను. "సార్, పోనీ హావ్ టాట్ అనొచ్చు గదా. అంత మూసేయాల్నా?" అన్నాను. చిన్నపిల్ల బేరమాడినట్టు. ఆయన కొంచెం సేపు నిజంగా ఆలోచించినారు. తరవాత ఆ సగం మొహంతో నవ్వి, నా చేతిలో ఇంకా మిగిలి ఉన్న సుద్దముక్కను చూపించి, దాన్ని నా గుప్పిట్లోనే మూసినారు.

ఆయన ఉద్యోగం అట్లా ముగిసింది. నాకు చాలా రోజులు కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలియకుండా. ఆయనకు మటుకు ఏదో బరువు దిగినట్టు మొహం తేటపడింది. నేను వాళ్ళింటికి పోవడం మానలేదు. పేపర్లు దిద్దను ఒక వంక. అక్క ఇంగ్లీషు ఆగలేదు. చెట్టు మీద కాకిని చూసినా, "ఇట్ హాజ్ కమ్, మళ్ళీ గో అంటాది చూడు" అనేంతగా ఆమె నోట్లో రెండు భాషలు కలిసిపోయినాయి.

ఆ ఏడు ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వానలు బాగా పడినాయి. ఒక మధ్యాహ్నం అక్క ముంగిట్లో రాగులు ఆరబోసి ఉంది. ఎండ కాస్తా ఉండగానే కొండల మీదనుంచి వాన దిగింది, తెర దించినట్టు. ఆమె చాట తీసుకొని పరిగెత్తింది. వంగి రాగులు ఎత్తుతా ఉంటే వీపంతా తడిసిపోతా ఉంది. నేను చెప్పులు వెతుక్కుంటా ఉన్నాను, సాయం పోదామని.

వసారాలో మంచం మీదనుంచి పెద్దసారు అన్నారు. "తడుస్తావు. లోపలికి రా."

"ఐ యామ్ కమింగ్!" అనింది ఆమె, తల ఎత్తకుండానే.

ఆయన నోట వచ్చింది తెలుగు మాటని తట్టి నేను ఉన్నచోటే ఆగిపోయినాను. ఆమె రాగులన్నీ ఎత్తుకొని, చాట నడుముకు ఆనించుకొని వసారాలోకి వచ్చింది. చెంగుతో తల తుడుచుకుంది. మొహం తుడుచుకుంది. మెడ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. మెల్లగా ఆయనవైపు తిరిగింది.

"ఏమంటిరి?"

ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. ఎడమచెయ్యి నోటి మీద పెట్టుకున్నారు.

అక్క చాట కింద పెట్టింది. మెట్లు దిగి ముంగిట్లోకి పోయి, ఆ మాట ఇంకోసారి వినాలని, కురుస్తా ఉన్న వానలో ఆయన ఎదురుగా నిలబడింది.